గోళీ పడితే మొదటికి

ఆగస్టు ఎండంటే వార్సినికి ప్రాణం. మిగతా నెలల్లో ఎప్పుడు చినుకు పడుతుందోనని వెదురు తట్టలు ఇంట్లోకీ వాకిట్లోకీ మోసుకుంటూ నడుం విరగ్గొట్టుకోవాలి. వాళ్ళ దేశంలో ఆగస్టులో వానలుండవు, ఆ బెంగ లేదు. పొద్దున్నే పచ్చి అప్పడాలు తట్టల మీద పరిస్తే మధ్యాహ్నానికల్లా గలగలమంటాయి. కర్రపెండలం పిండిని సన్నటి పోగులుగా పిండి, అరచేతంత చుట్టలు చుట్టి ఆవిరి పట్టిన కెరుపుక్ అప్పడాలు అవి, వార్సిని అమ్ముకునేవి. అవి లేకుండా ఆ ఊళ్ళో ఎవరికీ అన్నం ముద్ద దిగదు. వేయించడానికి రెండు మూకుళ్ళు కావాలి. ముందు గోరువెచ్చటి నూనెలో వేసి, అంచులు ముడుచుకోవడం మొదలెట్టగానే చిల్లుల గరిటెతో ఎత్తి పక్క మూకుట్లో కాగే నూనెలోకి తొయ్యాలి. అక్కడ ఒక్కసారిగా తెల్లగా విచ్చుకుంటాయి. ఆ ఎత్తడానికీ తొయ్యడానికీ మధ్య పరధ్యానం పనికిరాదు.

ఆ రోజు వార్సినికి ఉన్నదంతా పరధ్యానమే. బయట కుర్రాళ్ళు నిచ్చెన వేసుకుని సందు పొడుగునా ఎర్రవీ తెల్లవీ కాగితం జెండాలు కడుతున్నారు. వాళ్ళ దేశానికి ఆగస్టు పదిహేడో తారీకు స్వాతంత్ర్య దినం. ఆ పొద్దున కెనాంగా సందులో పిల్లలకి పందేలు పెడతారు. గోనెసంచిలో గెంతడం, నోట్లో చెంచా పెట్టుకుని దాని మీద గోళీ పడకుండా నడవడం, దారానికి వేలాడదీసిన అప్పడాన్ని చేతులు వెనక్కి పెట్టుకుని తినడం. ఆ వేలాడే అప్పడాలు ఏటా వార్సిని ఇంటి నుంచే, డబ్బు తీసుకోకుండా, వెళతాయి.

"వీధి మొత్తానికి అప్పడాలు నావి. ఆ అప్పడం కింద నిలబడే వరసలో నా పిల్ల మాత్రం ఉండదు," అంది మొగుడితో.

పర్ను తాపీ పనికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాడు. "కుర్చీ వేసి కూచోబెడతారు కదే," అన్నాడు.

"నా ఏడుపంతా ఆ కుర్చీ గురించే."

కుర్చీ సంగతి సందులో అందరికీ తెలుసు. వాళ్ళ కూతురు కినాంతి డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. ఇప్పుడు పదకొండేళ్ళు. పందేల రోజున సందు పెద్ద పాక్ హర్సోనో తన ఇంట్లోంచి మంచి కుర్చీ ఒకటి తెప్పించి, దానికి ఎర్ర రిబ్బనూ తెల్ల రిబ్బనూ చుట్టించి, మైకు పక్కన వేయిస్తాడు. కినాంతిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అందులో కూచోబెడతాడు. చివర్లో ఒక బిస్కెట్ల పొట్లం, ఒక నోటు పుస్తకం ఇస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. కిందటేడు కినాంతి ఆ కుర్చీ దిగి వెళ్ళి అప్పడాల వరసలో నిలబడింది. ఎవరూ కసురుకోలేదు. నవ్వుతూ, బుగ్గ నిమిరి, మళ్ళీ తెచ్చి కుర్చీలో కూచోబెట్టారు. పందెం అయిపోయి జనం చాపలు చుట్టేస్తుండగా ఎవరో దయగలవాళ్ళు ఒక అప్పడం ఆమె నోటికి అందేలా కిందకి వేలాడదీశారు. కినాంతి దాన్ని కొరకలేదు. ఎవరితో పందెమో తెలియక అటూ ఇటూ చూసింది. ఆ చూపు వార్సినికి ఏడాది పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం పాక్ హర్సోనో అరుగు మీద పందేల మీటింగు జరిగింది. చాపలు పరిచారు, తియ్యటి టీ, సోయా గింజలు పులియబెట్టి చేసే తెంపె ముక్కలు వేయించి పెట్టారు. పాక్ అంటే అక్కడ అయ్యగారు. హర్సోనో ఒకప్పుడు బస్సు కండక్టరు. నలభై మంది పట్టే బస్సులో అరవై మందిని సర్ది, ఒక్కరి మనసూ నొప్పించకుండా ఊరు చేర్చిన మనిషి. ఇప్పుడు సందుని కూడా అలాగే నడుపుతున్నాడు. వార్సిని టీ గ్లాసు ముట్టుకోకుండా కూచుని, అందరి మాటలూ అయ్యేదాకా ఆగి, గొంతు సవరించుకుంది.

"పాక్, ఈసారి గోళీ పందెంలో మా కినాంతి పేరు కూడా రాయండి."

అరుగు మీద ఒక్క క్షణం తెంపె నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. తరవాత అందరూ ఒకేసారి "రాయండి రాయండి" అన్నారు. "దానికేముందమ్మా, మన పిల్ల కాదూ" అన్నాడు పాక్ హర్సోనో. ఆ ఊరివాళ్ళు ఇంత తొందరగా ఒప్పుకున్నారంటే లోపల ఇంకేదో ఆలోచన నడుస్తోందని వార్సినికి తెలుసు. కానీ పేరు పడిందిగా, అదే చాలనుకుంది.

"ఇంకొక్క మాట. దాని నోరు గట్టిగా మూసుకోదు. పళ్ళ మధ్య చెంచా కాడ జారిపోతుంది. కాడకి గుడ్డపీలిక చుట్టుకోవచ్చా?"

మైకు పట్టుకునే కుర్రాడు పంజి పకపకా నవ్వాడు. "చుట్టుకోనీ బులిక్! కావాలంటే గోళీకి జిగురు కూడా రాసుకోనీ!"

సందులో కుర్రకారుకి వార్సిని బులిక్కే, అంటే పిన్ని. అందరూ నవ్వారు. ఆ నవ్వులో చెడు లేదు, వార్సిని కూడా కాస్త నవ్వింది.

"జిగురొద్దు నాయనా. గుడ్డ చాలు."

*

నూతి గట్టు దగ్గర ఒకటి, జామచెట్టు దగ్గర ఒకటి, వార్సిని సుద్దముక్కతో రెండు గీతలు గీసింది. పాత అల్యూమినియం చెంచా కాడకి తన నూలు రవిక పీలిక చుట్టి, దారంతో బిగించి కట్టింది. కినాంతి దాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని కొరికి చూసి, తీసి, నాలుక బయట పెట్టి "చేదు" అంది. సబ్బు చేదు అది. వార్సిని పీలికని మంచినీళ్ళలో జాడించి, ఎండబెట్టి, మళ్ళీ చుట్టింది.

చేతులు వెనక్కి, చెంచా నోట్లో, చెంచాలో గోళీ. మొదటి అడుగుకే గోళీ పడింది. కినాంతి వంగి తీసి చెంచాలో పెట్టుకుని అక్కడి నుంచే నడవబోయింది.

"ఆగు. పడితే ఎక్కడికెళ్ళాలి?"

కినాంతి చూసింది.

"పడితే మొదటికి. ఈ గీత దగ్గరికి. అందరికీ అదే లెక్క. నీకూ అదే."

ఆ మాట బుర్రకెక్కడానికి ఆ పూటంతా పట్టింది. ఒక్కోసారి విసుగొచ్చి చెంచా నూతి గట్టు మీదకి విసిరేసేది. ఒకసారి జామచెట్టు కింద బోర్లా పడుకుని ఎంత పిలిచినా లేవలేదు. వార్సిని వెళ్ళి అప్పడాలు తిరగేసి వచ్చింది. వచ్చేసరికి కినాంతి తనంతట తనే లేచి గీత మీద నిలబడి ఉంది. ఆ తరవాత గోళీ పడ్డ ప్రతిసారీ చెంచా నోట్లోంచి తీసి, చొక్కా మెడతో గడ్డం తుడుచుకుని, "పడింది. మొదటికి," అని తనకి తనే ఆర్డరు వేసుకుని వెనక్కి నడిచేది. అలా వెనక్కి నడిచేటప్పుడు దాని ముఖంలో ఏదో పెద్దరికం వచ్చేది. చూస్తున్న వార్సినికి కడుపు నిండిపోయేది.

పక్కింటి లింతాంగ్ గోడ మీద కూచుని జామకాయలు తింటూ చూస్తుండేది. దానికి పదేళ్ళు, నోరు మాత్రం అరవై ఏళ్ళది. రెండేళ్ళుగా గోళీ పందెం దానిదే.

"బులిక్, నా గోళీ ఎందుకు పడదో తెలుసా? దానికి నేనంటే భయం," అంది.

"దిగి వచ్చి చూపించవే, మాటలు కాదు."

లింతాంగ్ దిగి వచ్చింది. ఇద్దరూ గీత మీద నిలబడ్డారు. లింతాంగ్ నీళ్ళ బిందె నెత్తి మీద పెట్టుకున్నదానిలా నిటారుగా, చకచకా నడిచిపోయి జామచెట్టు ముట్టుకుంది. కినాంతి గోళీ సగంలో పడింది. మళ్ళీ పందెం, మళ్ళీ ఓటమి. అయిదో ఆరో ఓటమికి కినాంతి లింతాంగ్ జడ పట్టుకుని లాగింది. లింతాంగ్ తిరిగి గిల్లింది. వార్సిని చూసీ చూడనట్టు అప్పడాలు ఏరుకుంది. తన కూతుర్ని సందులో పిల్లలు ఎవరూ ఇంతవరకూ గిల్లలేదు మరి.

గిల్లరు, కొట్టరు, తిట్టరు. ఆడుకునేటప్పుడు రమ్మంటారు కూడా. కానీ ముట్టుకునే ఆటలో కినాంతి ఎప్పుడూ ఆటలో అరటిపండే. అందరితో పాటు పరిగెత్తవచ్చు, అరవవచ్చు. ఆమెని ఎవరూ ముట్టుకోరు. ఆమె ముట్టుకుంటే ఎవరూ దొంగ అవరు. ఆమె ముట్టుకున్నవాడు "అబ్బో!" అని నవ్వి మళ్ళీ పరిగెడతాడు. చిన్నప్పుడు ఆమెకి అది తెలిసేది కాదు. ఈ మధ్య తెలుస్తోంది. ముట్టుకుని, ఆగి, వాడు దొంగ అవుతాడేమోనని నిలబడి చూస్తుంది.

*

పదహారో తారీకు సాయంత్రం వార్సిని తట్టలు ఎత్తుతుంటే పాక్ హర్సోనో ఇంట్లోంచి పిల్లలు బయటికొచ్చారు. అందరి బుగ్గల్లోనూ కొబ్బరి బిళ్ళలున్నాయి. వార్సినిని చూసి మాటలు ఆపేశారు. లావుగా ఉండే బోనో అయితే ఏకంగా జెండాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. లింతాంగ్ ఆ రోజు గోడ ఎక్కలేదు. చీకటి పడకముందు వెనక గుమ్మంలోంచి వచ్చి, అడక్కుండానే కూచుని, వేయించిన అప్పడాలకి దారాలు కట్టడం మొదలుపెట్టింది. పక్కగదిలో కినాంతి టీవీలో పాటలకి తనూ పాడుతోంది.

"బులిక్."

"ఊఁ."

"రేపు నేను ఓడిపోవాలంట."

వార్సిని దారం ముడి వేస్తూ ఆగింది.

"పాక్ హర్సోనో చెప్పాడు. అందరం మెల్లగా నడవాలంట. గోళీలు కావాలని పడేసుకోవాలంట. పడ్డాక వెనక్కి వెళ్ళకూడదు, అక్కడే నిలబడిపోవాలి. నేను మాత్రం గీత ముందు దాకా వచ్చి ఆగాలి. నాది పడితే ఎవరూ నమ్మరు కదా, అందుకని." చివరి మాటలో కాస్త గర్వం తొంగి చూసింది, వెంటనే పోయింది. "కినాంతి ఫస్టు రావాలి. తెలిసినవాళ్ళం కదా, మనం తగ్గాలమ్మా అన్నాడు."

ఆ ఊళ్ళో పిల్లలకి నడక కంటే ముందు నేర్పేది తగ్గడం. తమ్ముడు ఏడిస్తే అన్న తగ్గాలి. చుట్టం వస్తే ఇంటివాడు తగ్గాలి. ఇద్దరు పోట్లాడుకుంటే ఎవడు ముందు తగ్గితే వాడు మర్యాదస్తుడు. వార్సిని కూడా ఆ పాలే తాగి పెరిగింది. పాక్ హర్సోనో చేసినదాంట్లో ఎంత ప్రేముందో ఆవిడకి తెలియక కాదు. రిబ్బను కుర్చీలో ఎంత ప్రేముందో దీన్లోనూ అంతే ఉంది.

"వద్దని చెప్పండి బులిక్," అంది లింతాంగ్.

వార్సిని నోరు తెరిచింది. చెప్పాలి. లేచి నాలుగిళ్ళవతలికి వెళ్ళి, "వద్దు పాక్, మామూలుగా ఆడనివ్వండి," అనాలి. అంతే కదా పని. కానీ పక్కగదిలో కూతురు పాడుతోంది. టీవీ పైన గూట్లో పాత గడియారం, పర్ను చెల్లెలి పెళ్ళి ఫొటో, పగిలిన పింగాణీ బాతు ఉన్నాయి. వాటి పక్కన పందెం గెలిచినవాళ్ళకిచ్చే కప్పు ఒకటి ఉంటే ఎలా ఉంటుంది? కినాంతి అని పేరు రాసి ఉన్న కప్పు. ఒక్కసారి. ఒక్కటంటే ఒక్కసారి. మిగతా తల్లులకి ఉన్నాయి కదా. దానికి తెలియకపోతే అది దానికి నిజం గెలుపే కదా.

"పెద్దవాళ్ళు చెప్పినట్టు చెయ్యమ్మా," అంది.

లింతాంగ్ మిగిలిన దారాలు కట్టేసి, చేతులు గౌనుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. వార్సిని తడిగుడ్డ తెచ్చి గూడు తుడిచింది. గడియారాన్ని ఒక పక్కకి జరిపింది. పింగాణీ బాతుని తీసి బీరువాలో పెట్టేసింది. తుడుస్తున్నంతసేపూ తన మీద తనకే సిగ్గేసింది, అయినా తుడవడం మానలేదు.

*

పదిహేడున జెండా ఎగరేశాక సందంతా రోడ్డు మీదే ఉంది. కాపలా పాక దగ్గర ఒక సున్నం గీత, పాక్ హర్సోనో గేటు దగ్గర ఇంకో గీత. మైకు పక్కన రిబ్బను కుర్చీ ఈసారి కూడా వేశారు, ఎందుకైనా మంచిదని.

"కెనాంగా సందు ప్రజలారా!" పంజి గొంతు మసీదు దాకా వినపడుతోంది. "గోళీ చెంచాలో ఉండాలి, కళ్ళు గోళీ మీద ఉండాలి! పక్కవాడి అమ్మ తెచ్చిన టిఫిను మీద కాదు బోనో, నిన్నే!"

అయిదుగురు గీత మీద నిలబడ్డారు. కినాంతి చివర్లో ఉంది, ఎర్ర చొక్కా, గుడ్డ చుట్టిన చెంచా. పళ్ళు గట్టిగా బిగించడం వల్ల మెడ నరాలు కనపడుతున్నాయి. పర్ను జనం వెనక ఒక ఇటుకల గుట్ట ఎక్కి నిలబడ్డాడు. వార్సిని అవతలి గీత పక్కనే నిలబడి, పైట కొంగు లేని బట్టలో కొంగు కోసం వెతుకుతున్నదానిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నలుపుకుంటోంది.

ఈల మోగింది. పాక్ హర్సోనో చెప్పినట్టే అంతా జరిగింది. నలుగురూ పెళ్ళివారి ఊరేగింపులా నడిచారు. బోనో నాలుగడుగులు వేసి తల విదిల్చాడు, వాడి గోళీ దొర్లి కాలువ పక్కకి పోయింది. వాడు "అయ్యో" అని నిలబడిపోయాడు. ఇంకో ఇద్దరివీ పడ్డాయి, వాళ్ళూ ఆగారు. లింతాంగ్ ఒక్కతే నిటారుగా వెళ్ళి, అవతలి గీతకి ఒక్క అడుగు ముందు నిలబడింది. కినాంతి వస్తోంది. కళ్ళు గోళీ మీదే, ఒక్కో పాదం నేల చూసుకుని వేస్తోంది. జనం చప్పట్లు అందుకున్నారు. "కి-నాన్-తి! కి-నాన్-తి!" ఆడవాళ్ళు కొందరు అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నారు. ఫోన్లు పైకి లేచాయి. వార్సినికి కప్పు, గూడు, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి.

గీతకి నాలుగడుగుల దూరంలో కినాంతి గోళీ పడింది.

"పర్లేదు, నడు!" అని సందంతా ఒక్క గొంతుతో అరిచింది. "నడు తల్లీ, నడు!" పంజి మైకులో "పడలేదు, పడలేదు, మేం చూళ్ళేదు!" అన్నాడు. పాక్ హర్సోనో అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో పరిగెత్తుకొచ్చి, గోళీ తీసి, దుమ్ము ఊది, తన చేత్తోనే కినాంతి చెంచాలో పెట్టాడు.

కినాంతి చెంచా నోట్లోంచి తీసింది. గోళీ అరచేతిలోకి జారవిడుచుకుంది. చొక్కా మెడతో గడ్డం తుడుచుకుంది.

"పడింది," అంది ఆయనతో. ముసలాయనకి చూపు ఆనలేదనుకుందో ఏమో, గోళీ ఎత్తి చూపించింది. "పడింది పాక్. మొదటికి."

"ఇవాళ్టికి ఫరవాలేదమ్మా. ఇదిగో, రెండడుగులు వేస్తే అయిపోయె..."

"మొదటికి," అని వెనక్కి తిరిగింది.

వెనక్కి నడుస్తుంటే దారిలో బోనో ఎదురయ్యాడు. కినాంతి వాడి ఖాళీ చెంచా చూసింది. "నీది పడింది. మొదటికి." బోనో దిక్కులు చూశాడు. "మొదటికి!" అని వాడి చొక్కా పట్టుకుని గుంజింది. జనంలో ఎవరో నవ్వబోయి మానేశారు. మిగతా ఇద్దరు పిల్లలూ ఎవరూ చెప్పకుండానే తలలు దించుకుని గోళీలు వెతుక్కుని మొదటి గీత వైపు నడిచారు. అప్పుడు తిరిగి చూస్తే కినాంతికి లింతాంగ్ కనపడింది, గీత ముందు చెంచా నోట్లో పెట్టుకుని అలాగే నిలబడి ఉన్న లింతాంగ్.

"నీది పడలేదు," అంది కినాంతి. "ఎందుకు ఆగావ్? పో!"

లింతాంగ్ నోట్లో చెంచా ఉంది. కళ్ళు పాక్ హర్సోనో వైపు తిప్పింది. ఆయన చేతులు జారేశాడు. అప్పుడు లింతాంగ్ కళ్ళు వార్సిని వైపు తిరిగి అక్కడే ఆగిపోయాయి.

వార్సినికి రాత్రి తను తుడిచిన గూడు గుర్తొచ్చింది. ఎవరి కోసం తుడిచింది? కూతురికి కప్పు అక్కర్లేదు. అది అడుగుతున్నది ఒక్కటే, అందరికీ ఏ లెక్కో తనకీ అదే లెక్క. ఆ లెక్క నేర్పింది తనే, తప్పించాలని చూసిందీ తనే.

"వెళ్ళు లింతాంగ్!" అని అరిచింది. గొంతు తనకే కొత్తగా ఉంది. "నీ గోళీ పడలేదుగా. వెళ్ళవే!"

లింతాంగ్ ఒక్క అడుగు వేసి గీత దాటింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వార్సిని ఒక్కతే కొట్టింది. తరవాత ఇటుకల గుట్ట మీంచి పర్ను కొట్టాడు. ఆ తరవాత నెమ్మదిగా అందరూ అందుకున్నారు.

రెండో స్థానం కోసం జరిగిన పందెం మాత్రం అసలు సిసలైన పందెం. బోనో రొప్పుకుంటూ, కళ్ళు పొడుచుకొచ్చేలా నడిచి రెండోవాడిగా వచ్చాడు. కినాంతి గోళీ ఇంకోసారి పడింది. ఇంకోసారి మొదటికి వెళ్ళింది. ఈసారి ఎవరూ పర్లేదనలేదు. ఒక ముసలమ్మ మాత్రం "గోళీ చూసుకో తల్లీ, గోళీ చూసుకో" అంది. మిగతావాళ్ళంతా చేరిపోయాక, ఖాళీ రోడ్డు మీద ఒక్కతే నడుచుకుంటూ వచ్చి కినాంతి గీత దాటింది.

పంజి మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అయిదో స్థానం," అన్నాడు, మొదటి స్థానం చెప్పిన గొంతుతోనే. "కినాంతి!"

"కప్పు?" అంది కినాంతి.

"మొదటి ముగ్గురికే తల్లీ."

కినాంతి లింతాంగ్ చేతిలో కప్పు చూసింది. తన చేతిలో చెంచా చూసుకుంది. చెంచా నేలకేసి కొట్టి, రోడ్డు మధ్యలో చతికిలబడి, నోరంతా తెరిచి ఏడుపు అందుకుంది. పాక్ హర్సోనో గుండెలు బాదుకున్నంత పని చేసి, బిస్కెట్ల పొట్లం, నోటు పుస్తకం పట్టుకుని పరిగెత్తాడు. వార్సిని అడ్డం వచ్చింది.

"ఉండండి పాక్. అయిదో స్థానానికి బహుమతి లేదు కదా."

"అది కాదమ్మా, పిల్ల ఏడుస్తోంది..."

"ఓడిపోయింది పాక్. ఏడవనివ్వండి. కిందటేడు గోనెసంచి పందెంలో బోనో ఏడవలేదా? వాడికెవరిచ్చారు బిస్కెట్లు?"

ఆయన పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మంచి జరుగుతుందనే అనుకున్నానమ్మా," అన్నాడు.

"నేనూ అలాగే అనుకున్నాను," అంది వార్సిని. "పిల్లలకి మీరేం చెప్పారో నాకు నిన్నే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. మనిద్దరికీ కలిపి బుద్ధి చెప్పింది లెండి."

పాక్ హర్సోనో వెళ్ళి ఎదురుగా ఖాళీగా ఉన్న రిబ్బను కుర్చీలో కూచున్నాడు.

రోడ్డు మధ్యలో లింతాంగ్ కినాంతి పక్కన గొంతుక్కూచుంది. ఓదారుస్తుందేమో అనుకుంది వార్సిని.

"ఎందుకు పడిందో తెలుసా? నువ్వు నన్ను చూశావ్," అంది లింతాంగ్. "నన్ను చూస్తే గోళీ నీ మాటెందుకు వింటుంది?"

కినాంతి ఏడుపు మధ్యలో ఆపి, "రేపు," అంది.

"రేపు స్కూలుందే. సాయంత్రం వస్తా."

*

కప్పు కోసం ఖాళీ చేసిన చోట కినాంతి తన చెంచా పెట్టుకుంది, గుడ్డ విప్పకుండా. వార్సిని బీరువాలోంచి బాతుని తీసి దాని పక్కనే పెట్టింది.

రెండ్రోజుల తరవాత సందులో జెండాలు ఇంకా విప్పలేదు. గాలి వేస్తోంది, అప్పడాలు బాగా ఎండాయి. సాయంత్రం వార్సిని పొయ్యి ముందు కూచుని ఒక వాయి గోరువెచ్చటి నూనెలో వేసింది. బయట పిల్లలు ముట్టుకునే ఆట ఆడుతున్నారు. కాళ్ళ చప్పుళ్ళు, అరుపులు, కినాంతి బొంగురు నవ్వు వినపడుతున్నాయి. అప్పడాల అంచులు ముడుచుకోవడం మొదలైంది. ఆవిడ గరిటె అందుకుంది.

"ముట్టుకున్నా!" అని అరిచింది లింతాంగ్. "కినాంతీ, నిన్నే! ముట్టుకున్నా! నువ్వే దొంగ!"

వార్సిని గరిటె గాల్లోనే ఆగిపోయింది. తరవాత వచ్చే మాట ఏదో ఆవిడకి కంఠతా వచ్చు. పోన్లే, కినాంతిది లెక్క కాదులే అంటారు ఎవరో ఒకరు. ఏళ్ళ తరబడి ఈ పొయ్యి ముందు కూచుని వింటున్నదే.

ఎవరూ అనలేదు.

"కినాంతి దొంగ! కినాంతి దొంగ! పారిపోండ్రోయ్!" బోనో గొంతు అందరికంటే పెద్దగా వినిపించింది. పాదాలన్నీ ఒక్కసారిగా నాలుగు వైపులకీ పరిగెత్తాయి, నిజంగా భయపడి పరిగెత్తే పరుగు. వాటి వెనకాల కినాంతి చెప్పులు టపటపమంటూ తరుముకుంటూ పోయాయి. "ఆగు! బోనో, ఆగు! నేను దొంగ! మాక్, నేనే దొంగ!" అని అమ్మని కూడా పిలిచి, సందంతా మార్మోగేలా అరిచింది.

మూకుట్లో అప్పడాలు ముడుచుకుని ముడుచుకుని గట్టిపడిపోయాయి. ఆ వాయి అమ్మకానికి పనికిరాకుండా పోయింది. ఆవిడ గరిటె పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, వాకిట్లోకి చూడ్డానికి వెళ్ళింది.